మామ పాట కోసం కొన్న టేప్ రికార్డర్

పోయిన నెల మా సంఘం కమిటీలో ఒక చిన్న విషయం మీద పెద్ద చర్చ జరిగింది. క్రిస్మస్‌కు ముందు ఇంటింటికీ తిరిగి పాడే పాటలను రికార్డు చేయడానికి ఏదైనా యంత్రం కొనాలని, పాటల బృందాన్ని నడిపే నర్సమ్మ అడిగింది. మూడు రకాల బొమ్మలు కాగితం మీద అచ్చు వేయించి తెచ్చింది. ఒకటి అరచేతిలో పట్టేది, ఒకటి చొక్కా గుండీకి తగిలించుకునే మైకు, ఇంకొకటి ఫోను అడుగున గుచ్చేది. తక్కువ ధరలో ఏది మంచిదో తేల్చమంది. "అందరి చేతులల్ల ఫోన్లుండంగ ఇంకోటి ఎందుకమ్మా?" అన్నాడు కోశాధికారి. "ఫోన్ల రికార్డు చేస్తే నడుమ మీ ఇంటామె ఫోన్ చేస్తది సార్, కూరగాయలు తెమ్మని. అది గూడ పాటల వడ్తది" అని ఆమె అంటే అందరూ నవ్వారు. వయసులో పెద్దవాణ్ణని చివరికి నావైపు తిరిగారు. "మీ ఇష్టం" అని తప్పించుకున్నాను. వాళ్లు దాన్ని పెద్దరికం అనుకున్నారు. నిజానికి ఆ విషయంలో సలహా చెప్పే అర్హత నాకు లేదు. ఒకప్పుడు నేనూ ఒకటి కొన్నాను. మూడింటిని పక్కపక్కన పెట్టి, బేరమాడి, పరీక్షించి, ప్రార్థన చేసి మరీ కొన్నాను. యంత్రంలో లోపమేమీ లేదు.

అది మా మేనమామ గొంతు కోసం. మామ డోర్నకల్ స్టేషన్లో పాయింట్స్‌మన్. ఏ రైలు ఏ పట్టా మీదికి మళ్లాలో ఆ పట్టాలను కలిపే పని. జంక్షన్ కాబట్టి చేతికి తీరిక ఉండేది కాదు. ఒళ్లంతా ఇంజన్ నూనె వాసన, బీడీ వాసన. అటువంటి మనిషి ఆదివారం పొద్దున తెల్ల చొక్కా వేసుకుని, స్టేషన్ అవతల రైల్వే క్వార్టర్ల వెనక పెంకుటింట్లో కూడే మా చిన్న సంఘంలో లేచి నిలబడితే, ఆ వాసనలన్నీ మరిచిపోయేవాళ్లం. మామ గొప్ప సంగీతం నేర్చినవాడు కాదు. ఆయనకున్న విద్య వేరు. ఏ పాటను ఎక్కడ ఎత్తుకోవాలో తెలిసేది. ముసలమ్మల గొంతు తెగకుండా, పిల్లల గొంతు అణగకుండా, వారమంతా నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లకు కూడా అందేచోట ఎత్తుకునేవాడు. హార్మోనియం ఆయన వెనక పరుగెత్తి శ్రుతిని పట్టుకునేది. తరువాతి కాలంలో నేను పెద్ద పెద్ద గుళ్లలో చాలామంది గాయకులను విన్నాను. బాగా పాడేవాళ్లు చాలామంది. పదిమంది చేత పాడించగల చోట మొదలుపెట్టేవాళ్లు తక్కువ.

మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. పాటలో మొదటి మాట నాయకుడిది, రెండో మాట నుంచి అందరిదీ. పాటల పుస్తకాలు కొనలేనివాళ్లే ఎక్కువ కాబట్టి అన్నీ నోటికి వచ్చి ఉండాలి. కళ్లు మూసుకుని, గొంతెత్తి పాడాలి. గొంతు బాగోలేదన్న సాకు చెల్లేది కాదు. గొంతు ఇచ్చినవాడికి దాని సంగతి తెలియదా అనేవారు. ఈ పద్ధతి నా ఎముకల్లోకి ఎక్కింది అరవై తొమ్మిదిలో. నేను మానుకోటలో హాస్టల్లో ఉండి చదువుకునేవాణ్ణి. తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడ్డాయి. పెట్టె, బొంత పట్టుకుని ఇంటికి వచ్చేశాను. రైళ్లు కూడా ఎక్కడికక్కడ ఆగిపోయిన రోజులుండేవి. ఆగిపోయిన రైలుకు పట్టాలు మార్చేదేముంటుంది? మామ క్వార్టర్ ముందు నులక మంచం వాల్చుకుని నాకు పాటలు నేర్పేవాడు. ఊరంతా ఏమవుతుందో అని బిక్కుబిక్కుమంటూ ఉన్న ఆ నెలల్లో నేను నలభై పాటలు కంఠతా పట్టాను. చదువు మాత్రం ఒక ఏడు వెనకబడింది. నేను చరణం మరిచిపోయి పెదవులు బిగించుకుంటే మామ నా చెవి పట్టుకునేవాడు. "దేవుని పాట నడుస్తుంటే నోరు మూసుకున్నోడు, పెండ్లిల అలిగి కూసున్నోడు ఒక్కటే అల్లుడా. తెల్వకపోతె ఊఁ అను, ఆఁ అను. ఊకె మాత్రం ఉండకు."

ఆ మామకే పాట లేకుండా పోయింది. దానికి కారణం క్లబ్బు. స్టేషన్ పక్కన రైల్వే ఉద్యోగులు కూర్చునే ఒక పాత హాలు ఉండేది. వరండాలో పేకాట బల్ల, లోపల క్యారమ్ బోర్డులు, ఒక మూల హార్మోనియం, తబలా. శనివారం సాయంత్రం పాటలుండేవి. ఉర్దూ గజళ్లు, కల్లాల దగ్గరి పాటలు, ఎవరైనా అడిగితే సినిమా పాటలు. తబలా వాయించేది ఒక ఇంజన్ డ్రైవర్. అందరూ ఆయన్ను డ్రైవర్ సాబ్ అనేవారు. పాడేది మామ. మా బాపు మా సంఘానికి ఉపదేశి, నియమం తప్పని మనిషి. అమ్మ పోయిన తరువాత ఆ నియమం ఇంకా గట్టిపడింది. పేక ముక్కల పక్కన పాడిన నోటితో మరునాడు ఆరాధనలో పాట ఎత్తుకోవడం ఆయనకు మింగుడుపడలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్దల ముందు మామను నిలబెట్టి అడిగాడు. "ఒక్క చెలిమెల తీపి నీళ్లు, ఉప్పు నీళ్లు రెండూ ఊరయి బామ్మర్దీ. గుడో, క్లబ్బో. నువ్వే చెప్పు." మామ చాప మీద కూర్చుని అంచులో ఒక పుల్ల పీకాడు. తరువాత అన్నాడు, "ఆడ పాడితె వింటరు బావా. ఈడ పాడితె అందరం కలిసి పాడ్తం. నాకు రెండూ కావాలె." అది జవాబు కాదన్నారు పెద్దలు. ఆ వారం నుంచి పాట ఎత్తుకునే పని ఇంకొకరికి పోయింది.

మామ సంఘానికి రావడం మాత్రం మానలేదు. ఎనిమిదేళ్లు వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాటలప్పుడు పెదవులు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. అంత గట్టిగా నాకు నేర్పిన మనిషి అలా కూర్చోవడం చూసినప్పుడల్లా నాకు కోపం వచ్చేది. కోపం మామ మీదా, బాపు మీదా అన్నది తేల్చుకోలేకపోయేవాణ్ణి. అప్పట్లో నేను బాపు వైపే ఉన్నాను. ఇప్పుడు ఆ మాట రాయడానికి చెయ్యి ఆగుతోంది గాని, ఉన్నది ఉన్నట్టు రాయాలి.

ఎనభైల మొదట్లో నాకు కాటారంలో టీచరు ఉద్యోగం. అడవి అంచున బడి, రోజుకు లెక్కపెట్టినన్ని బస్సులు. ఒకరోజు అత్తమ్మ నుంచి కార్డు వచ్చింది. ఆమెకు రాయడం రాదు, బుకింగ్ క్లర్కు చేత రాయించింది. మామ గొంతులో గడ్డ ఉందని, సికింద్రాబాదు దవాఖానలో చూపించారని, కోసి తీసేయాలన్నారని, తీసేస్తే ఇక మాట రాదని. చివర ఆమె మాటలను ఆమె చెప్పినట్టే రాశాడు ఆ క్లర్కు: "ఇంట్ల రికాం లేకుండ పాడే మనిషి. రేపు ఇల్లు ఎట్ల ఉంటదో నాకు తెల్వది. గా టేపుల ఆయన గొంతు ఒక్కసారి పట్టియ్యి అల్లుడా. నాకు ఇంకేం వద్దు." ఆపరేషన్‌కు పన్నెండు రోజులున్నాయి. శుక్రవారం నుంచి సెలవు పెట్టాను.

హన్మకొండ దుకాణాల్లో కొత్త యంత్రాల ధరలు అడిగి బయటికి వచ్చేశాను. మా బడిలోని ఒక మాస్టారుది జనగామ. అక్కడ స్టేషన్ ఎదురుగా ఒక రేడియో మెకానిక్ ఉన్నాడని, దుబాయి నుంచి వచ్చినవాళ్లు అమ్ముకున్న పాత యంత్రాలు బాగుచేసి పెడతాడని, మోసం చేయడని చెప్పాడు. కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కి జనగామ పోయాను. దుకాణం ఇంత జాగా. గోడ నిండా పేగులు బయటపడిన రేడియోలు. మెకానిక్ కాలుతున్న సీసం పొగలో ఒక కన్ను మూసుకుని కూర్చున్నాడు. సంగతంతా చెప్పాను. మామ మాట వచ్చేసరికి పని ఆపి, మూడు యంత్రాలు తీసి బల్ల మీద పెట్టాడు.

మొదటిది పళ్లెమంత రీళ్లు తిరిగే పెద్ద పెట్టె. గొంతును ఉన్నది ఉన్నట్టు పడుతుందట. కాని ఎత్తడానికి ఇద్దరు కావాలి, కరెంటు లేకపోతే బండరాయే. "మీ క్లబ్బుల కరెంటు ఉంటదా సారు?" అన్నాడు. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది అన్నాను. దాన్ని కిందపెట్టాడు. రెండోది రేడియో, టేపు కలిసి ఉన్న టూ ఇన్ వన్. తళతళలాడే వెండి రంగు, రెండు పక్కలా రెండు స్పీకర్లు, రేడియో ముల్లు వెనక పచ్చ దీపం. నా చెయ్యి దాన్ని వదలలేదు. కాటారంలో నా గది కిటికీలో అది ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. మెకానిక్ నా మొహం చూసి నవ్వాడు. "గిది సూసుకోను మంచిగుంటది సారు. కాని మైకు దీని కడుపులనే ఉన్నది. మీ మామ గొంతు తోని దీని మోటర్ గుర్రుగుర్రు గూడ ఎక్కుతది. ఆరు పెద్ద సెల్లులు తింటది, అయినా ఆకలే." మూడోది ఇటుకంత నల్ల పెట్టె. చూడటానికి దిక్కుమాలినట్టు ఉంది. పైమూత మీద ఒక గీత, ఒక మీట విరిగితే వేరే రంగుది అతికించాడు. దానికి మాత్రం తీగతో విడిగా ఒక మైకు ఉంది. చేత్తో పట్టుకుని పాడేవాడి దగ్గరికి జరపవచ్చు. మైకు మీదనే చిన్న మీట. దాన్ని జరిపితే టేపు ఆగుతుంది, మళ్లీ జరిపితే నడుస్తుంది, పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతుంది. నాలుగు సెల్లులు చాలు. "రెండు దిక్కుల సౌండు రాదు కదా" అని గొణిగాను. "ఒక్క మనిషి గొంతుకు ఒక్క దిక్కు చాలు సారు" అన్నాడు.

టూ ఇన్ వన్‌కు నా దగ్గరున్నది సరిపోదు, అప్పు చేస్తే సరిపోతుంది. దుకాణం వెనక గోడ దగ్గర నిలబడి ప్రార్థన చేశాను. అది చెప్పుకోవడానికి ఇప్పుడు కూడా సిగ్గుపడను. నల్లదే తీసుకోవాలన్న నెమ్మది కలిగింది. మెకానిక్ స్పిరిట్‌లో ముంచిన దూదితో లోపల తుడిచి, అరవై నిమిషాల క్యాసెట్ వేశాడు. తొంభైది అడిగితే వద్దన్నాడు. దాని టేపు పలుచన, పాత యంత్రంలో చిక్కుపడుతుందట. మాట్లాడి చూడమంటే కంఠతా వచ్చిన వాక్యం ఒకటి చెప్పాను. నా గొంతు నాకు మొదటిసారి వినిపించింది. జలుబు చేసిన మనిషి డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంది. "ఎవలి గొంతు వాళ్లకు నచ్చది సారు. గందుకే దేవుడు చెవులను పక్కకు పెట్టిండు, నోటికి ఎదురుంగ పెట్టలే" అన్నాడు. డబ్బా కట్టి ఇస్తూ ఇంకో మాట చెప్పాడు. "ఒక్కటి యాది పెట్టుకోండ్రి. ఇది మెల్లగ వచ్చేదాన్ని లేపుతది, గట్టిగ వచ్చేదాన్ని అణగదొక్కుతది. దీనికి పెద్దోడు చిన్నోడు తెల్వది. దగ్గరున్నోడే చుట్టం." నేను తల ఊపాను. మైకును మామకు దగ్గరగా పెట్టమంటున్నాడనుకున్నాను. అంతవరకే అర్థమైంది.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. ఆయన చాలాసేపు యంత్రాన్ని చూశాడు గాని ముట్టుకోలేదు. మామ జబ్బు సంగతి తెలిసినప్పటి నుంచి ఆయనకు అన్నం సరిగా దిగడం లేదని అత్తమ్మ చెప్పింది. అయినా నోటికి వచ్చిన మాట వేరే. "క్లబ్బుకు పోతె పో. వాడు పాడేది ఆడనే కద. కాని లోకం పాటలు దాంట్ల నింపకు. దేవుని పాట పాడితేనే పట్టు." సరేనన్నాను. మాట తప్పడం మా ఇంట్లో లేదు.

శనివారం సాయంత్రం ఐదింటికి మొదటిసారి ఆ క్లబ్బులో అడుగుపెట్టాను. పాపం చేస్తున్నవాడిలా, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూశాను. అక్కడ ఉన్నవి నాలుగు బల్లలు, గోడకు ఒక గడియారం, టీ మరకల గ్లాసులు, డ్యూటీ దిగి వచ్చిన అలసిన మనుషులు. మామ సగమయ్యాడు. మెడకు మఫ్లర్ చుట్టుకున్నాడు. మాటలో గరగర ఉంది. నన్ను చూసి, "ఉపదేశి కొడుకు క్లబ్బుల! ఇగ రైలు పట్టాలు మొత్తం తప్పుతయి ఇయ్యాల" అన్నాడు. డ్రైవర్ సాబ్ నా కోసం హార్మోనియం పక్కన కుర్చీ వేశాడు. "ఆవో మాస్టర్ సాబ్. జర దగ్గర కూసోండ్రి. ఇయ్యాల మీ మామ దిల్ తోని పాడ్తడు." నేను యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని మైకు చేతిలో పట్టుకున్నాను.

మామ పాడటం మొదలుపెట్టాక ఆ గరగర ఎటు పోయిందో తెలియదు. మొదట ఒక గజల్. తరువాత వాన గురించి ఒక పాట. ఆ తరువాత కల్లంలో వడ్లు తూర్పారబట్టేటప్పుడు మా అమ్మమ్మ పాడేదట, అది. ఒక్కొక్కటి అయిపోయినప్పుడు చప్పట్లు కూడా వెంటనే వచ్చేవి కాదు. వరండాలో ముక్కలు పంచడం ఆగిపోయింది. నా బొటనవేలు మాత్రం మీట మీద ఉంది, మీట టేపును ఆపే వైపు ఉంది. అర్ధగంటకు పైగా పాడాడు. నేను రెండు పెదవులు కలిపి, ఊపిరి కూడా చప్పుడు కాకుండా కూర్చున్నాను. ఒక్క తీగ కదిలించలేదు. డ్రైవర్ సాబ్ చివరికి అడిగాడు. "గా ఎర్ర దీపం ఎలుగుతలేదేంది మాస్టర్ సాబ్? ఖరాబైందా?" నేను అబద్ధమాడాను. "సెల్లులు అయిపోతయని ఆపిన." మామ నా వైపు చూశాడు. చిన్నప్పటి నుంచి నా మొహం చదివిన మనిషి. "సెల్లులు గాదు సాబ్, మా బావ హుకుం. నా అల్లునికి ఈ పాటలు పడయి. మంచిది, పడే పాటనే పాడుదాం" అని మఫ్లర్ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఎనిమిదేళ్ల తరువాత మామ దేవుని పాట ఎత్తుకున్నాడు. పేక బల్ల పక్కన. నేను మీట జరిపాను, ఎర్ర దీపం వెలిగింది. మైకును ఆయన వైపు చాపాను, నేనూ ముందుకు వంగాను. అది నాకు ఆయన అరవై తొమ్మిదిలో నులక మంచం మీద నేర్పిన పాట. మొదటి మాట పలికాడు. అందరికీ అందేచోటే ఎత్తుకున్నాడు, అందుకునేవాళ్లు అక్కడ ఎవరూ లేకపోయినా. నేను కళ్లు మూసుకున్నాను. ఆ తరువాత నాలుగు చరణాలు అయిపోయేదాకా నేను తెరవలేదు. ఇంకేం జరిగిందో నాకు అప్పుడు తెలియదు. ఒకటి మాత్రం తెలుసు: నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. క్షమాపణ ఎవరు ఎవరిని అడగాలో తెలియని ఇంటిలో, ఆ కాసేపు అడగవలసిన అవసరమే లేనట్టు అనిపించింది.

పాట అయ్యాక మామకు దగ్గు పట్టుకుంది. మఫ్లర్‌ను నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తీసి చూసుకుని, మరక లోపలికి వచ్చేలా మడిచాడు. డ్రైవర్ సాబ్ ఆయన్ను పట్టుకుని ఇంటికి నడిపించాడు. టేపు తిప్పి విందామన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

మరునాడు ఆరాధన తరువాత మామ క్వార్టర్‌లో అందరం కూర్చున్నాం. అత్తమ్మ బియ్యం చెరిగే చాట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చింది. బాపు కూడా వచ్చాడు. ఎనిమిదేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. నేను మీట నొక్కాను. మామ గొంతు, మొదటి మాట. స్పష్టంగా, ఎదురుగా కూర్చుని పాడినట్టు. అత్తమ్మ చెయ్యి నోటి మీదికి పోయింది. రెండో మాట దగ్గర ఒక పెద్ద గొంతు పడింది. జలుబు చేసిన మనిషి డబ్బాలోంచి పాడుతున్నట్టు. ఆ గొంతు నాలుగు చరణాలూ పాడింది. దాని వెనక, ఎక్కడో గోడ అవతల, ఇంకెవరో పాడుతున్నట్టు సన్నగా ఒక చప్పుడు. మైకు పట్టుకున్నది నేనే. యంత్రానికి దగ్గరున్నది నేనే. సంఘంలో పాడినట్టు కళ్లు మూసుకుని, గొంతెత్తి, మామ చెవి పట్టుకుని నేర్పినట్టే పాడాను. లోకం పాటలప్పుడు రాయిలా కూర్చున్నాను. అప్పుడు మీట ఆపి ఉంది.

టేపు చివర దగ్గు కూడా వినిపించి ఆగింది. ముందు నవ్వింది మామే. గొంతు లేని నవ్వు, భుజాలే కదిలాయి. "మంచిగ పాడినవ్ గద అల్లుడా. ఎవలీ పాటగాడు, ఎన్క కూలికి ఎవడన్న పాడుతుండా అంటరు." నేను ఆయన కాళ్లు పట్టుకున్నాను. "మళ్ల ఒక్కసారి పాడు మామా, ఒక్క చరణం. నేను బయటికి పోత, మైకు అత్తమ్మ పడ్తది." ఆయన ప్రయత్నించాడు. నోరు తెరిచి, గొంతు సవరించుకుని, మళ్లీ సవరించుకున్నాడు. గాలి వచ్చింది. శనివారమే ఉన్నదంతా పెట్టేశాడు. "ఇప్పుడు గాదు. పోయొచ్చినంక" అన్నాడు. పోయొచ్చాక ఏముంటుందో అందరికీ తెలుసు. బాపు లేచి చెప్పులు వేసుకోకుండానే బయటికి నడిచాడు. ఎర్రటి ఎండలో పట్టాల దాకా పోయి, అక్కడ నిలబడ్డాడు. మామ పాడిన ఒక్క గజల్ అయినా టేపులో పట్టమని తను చెప్పి ఉంటే బాగుండేదని అనుకున్నాడో ఏమో. ఆయన ఎప్పుడూ ఆ మాట అనలేదు, నేను ఎప్పుడూ అడగలేదు. సోమవారం పొద్దున్న బండికి మామను సికింద్రాబాదు తీసుకుపోయాం.

ఆపరేషన్ బాగానే అయింది. మామ రెండేళ్లు బతికాడు. మెడ కింద గుడ్డ కట్టుకుని, ఒక పలక చేతిలో పట్టుకుని తిరిగేవాడు. రాసేది కూడా తక్కువే. తల ఊపితే సరిపోయే మాటలే ఎక్కువ మిగిలాయి ఆయనకు. ఇంటికి వచ్చిన మొదటి ఆదివారం బాపు ఆరాధన ఆపి, వెనక గోడ దాకా నడిచిపోయి, మామ చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చి, పాట ఎత్తుకునేవాళ్లు కూర్చునే చోట కూర్చోబెట్టాడు. మాట లేని మనిషి అక్కడ కూర్చుని మోకాలి మీద చేత్తో తాళం వేశాడు. ఎత్తుకునేవాడు శ్రుతి ఎక్కువ పెట్టాడు, ముసలమ్మలు సగంలో ఆగిపోయారు. మామ పైకప్పు చూస్తూ తాళం వేస్తూనే ఉన్నాడు. నేను విశ్వాసిని. చేసిన తప్పును దేవుడు క్షమిస్తాడని నాకు అనుమానం లేదు. అయితే క్షమించినంత మాత్రాన పోయినది తిరిగి వస్తుందని ఏ వాక్యమూ నాకు నేర్పలేదు. ఆ ఆదివారం ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరం కళ్లారా చూశాను.

ఆ యంత్రాన్ని అత్తమ్మకే ఇచ్చేశాను. మామ పోయాక ఆమె కూతురి దగ్గరికి చేరింది. అల్లుడికి భూపాలపల్లిలో బొగ్గుబాయి ఉద్యోగం. ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం, పనిమీద పోతూ ఆమెను చూడటానికి ఆగాను. మధ్యాహ్నం అన్నం పెట్టి, చెయ్యి కడుక్కోగానే, సామాన్ల మీద నుంచి ఆ నల్ల పెట్టె తీసింది. "వద్దు అత్తమ్మా" అన్నాను. "ఏంది వద్దు? రోజు ఇంటున్న నేను" అని మీట నొక్కింది.

మామ మొదటి మాట, ఆ వెంటనే నేను. నా గొంతును అంత దగ్గర కూర్చుని వినడం కంటే ఎండలో నిలబడటం నయం. లేవబోతుంటే అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. రెండో చరణంలో ఒక పాదం అయిపోయింది. నాకు ఊపిరి చాలక ఆగాను. టేపులో గస వినిపించింది. అత్తమ్మ వేలు పైకెత్తింది. ఆ ఖాళీలో మామ ఉన్నాడు. నేను వదిలేసిన చివరి అక్షరాన్ని ఆయన వదల్లేదు, పట్టుకుని ఉన్నాడు. ఎవరూ అడ్డం లేకుండా, ఎదుట కూర్చుని పాడినట్టు, రెండు మూడు క్షణాలు. మళ్లీ నేను అందుకున్నాను, ఆయన మునిగిపోయాడు. పాదం అయిపోయింది, మళ్లీ తేలాడు. అత్తమ్మ కళ్లు మూసుకుని ఒక్కొక్క చోట వేలు ఎత్తుతూ, దించుతూ ఉంది. ఎక్కడెక్కడ వస్తాడో ఆమెకు నోటికి వచ్చు.

"నీకు దమ్ము తక్కువ అల్లుడా" అంది పాట అయ్యాక, క్యాసెట్‌ను పెన్సిలుతో వెనక్కి తిప్పుతూ. "మీ మామకు ఎక్కువ. గదే మంచిగైంది. నువ్వు దమ్ము తీసుకున్న కాడల్ల ఆయన దొరుకుతడు."

ఇప్పుడు అత్తమ్మ లేదు, బాపు లేడు. ఆ టేపు కూడా ఏ చెదలకు పోయిందో తెలియదు. నలభై ఏళ్లు పాడిన మనిషి తన ఇల్లాలికి ఎంతసేపు మిగిలాడని ఎవరైనా అడిగితే నేను కచ్చితంగా చెప్పగలను: నేను ఊపిరి తీసుకున్నంతసేపు.